అండాలు చెప్పిన మాట

ఎల్బీ నగర్ చౌరస్తాకు పది నిమిషాల నడకలో ఉన్న ఆ కాలనీలో నూట నలభై ఇళ్లు. వెనకవైపు పొడుగాటి గోడ, ఆ గోడకు ఒక మూల చిన్న ఇనుప గేటు. గేటు అవతల బస్తీ. బస్తీ వాళ్లు ఆ గేటులోంచి వచ్చి కాలనీ నడిమి వీధి దాటితే ఆరేడు నిమిషాల్లో మెయిన్ రోడ్డు మీద ఉంటారు. గేటు లేకపోతే మురుగు నాలా వెంబడి చుట్టు తిరిగి రావాలి, అరగంట పైనే.

ఆ గేటు మూసేయాలా, ఉంచాలా అన్న పంచాయితీ ఎనిమిది నెలలుగా తెగలేదు. పొద్దున లేస్తే కాలనీ వాట్సాప్ గ్రూపులో అదే గొడవ. మూసేయమనేవాళ్లు బస్తీ వాళ్లను దొంగలనేవారు. ఉంచమనేవాళ్లు, మూసేయమనేవాళ్లకు మనసే లేదనేవారు. గేటు మాత్రం ఎప్పటిలాగే కిర్రుమంటూ తెరుచుకుంటూ ఉండేది.

అఖిల ఆ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాసి ఎరగదు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కౌన్సెలర్. పేరుకే కౌన్సెలింగ్, అసలు పని అడ్మిషన్లు. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులతో మాట్లాడి, వాళ్లు మెట్లు దిగేలోపు ఫారం మీద సంతకం పెట్టించాలి. పద్నాలుగేళ్లుగా చేస్తున్న పనే. ఆ ఏడు వేసవిలో సెంటర్ వాళ్లు స్టాఫ్‌కు రెండు రోజులు ట్రైనింగ్ పెట్టారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకావిడ చెప్పింది: "ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మీరు లోపల జవాబు వండుకోకండి. ఈ మనిషి ఇట్లా ఎందుకు అనుకుంటోందో తెలుసుకోవాలని వినండి." తోటివాళ్లు దాన్ని అడ్మిషన్లు పెంచుకునే ఉపాయంగా నోట్ చేసుకున్నారు. అఖిలకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్లలో ఎన్ని వేలమంది తన ఎదుట కూర్చుని చెప్పుకున్నారో! ఒక్కరి మాటైనా నిజంగా విన్నదా? ఇంటికొచ్చి భర్త ఉపేందర్‌తో ఈ మాటంటే, "మంచిదే. ఇగ రేపటి సంది నేను జెప్పేది గూడ జర ఇను," అని నవ్వాడు.

జూలైలో కాలనీ మీటింగు జరిగింది. కమ్యూనిటీ హాల్లో ఫ్యాన్ల చప్పుడును మించి అరుపులు. అసోసియేషన్ ప్రెసిడెంట్ శ్రీనివాస్ మైకు పట్టుకుని ఊరుకోమని బతిమాలుతున్నాడు. అందరూ అతన్ని శీనన్న అంటారు. ఈ కాలనీ నేలంతా ఒకప్పుడు అతని తాత జొన్న చేను. ప్లాట్లు చేసి అమ్మింది అతని తండ్రి. ఇప్పుడతను చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కడతాడు. ఎవరింట్లో చావైనా పెళ్లైనా ముందు నిలబడే మనిషి.

ఏం పూనిందో, అఖిల లేచి నిలబడింది. "గింతమందిమి గింతసేపు ఒర్లుతున్నం. గేటు అవతలోళ్లను ఒక్కరన్న అడిగిన్రా? అసలు మన కాలనీలనే మూసెయ్యమనేటోళ్లు ఎందుకంటున్నరో ఎవలన్న కూసోని ఇన్నరా?"

శ్రీనివాస్ ఆమె వైపు మెచ్చుకోలుగా చూశాడు. "మంచి మాటన్నవ్ చెల్లె. అందరం మాట్లాడుడే గని ఇనేటోడు లేడు. గా పని నువ్వే పట్టుకో. నెల రోజులు తీసుకో. రెండు దిక్కులా తిరుగు, అడుగు, ఇను. నువ్వేం జెప్తవో చూసినంకనే ఓటింగ్ పెడదం."

చప్పట్లు కొట్టారు. అఖిల చెవులు వేడెక్కాయి. మర్నాడే దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో ఎదురుగా ఉన్న దుకాణంలో లావుపాటి నోట్‌బుక్ కొనుక్కుంది.

ముందుగా భానుమూర్తి ఇంటికి వెళ్లింది. ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. తెనాలి వైపు మనిషి, ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే. గేటు మూసేయాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టేది ఆయనే. గ్రూపులో ఆయన పెట్టే పొడుగాటి మెసేజ్‌లు చూసి ముసలాయనకు చాదస్తం, పేదవాళ్లంటే చులకన అనుకునేది అఖిల.

ఆయన ఇల్లు వెనక గేటు నుంచి మూడోది. వరండాలో రెండు కుర్చీలు. కాఫీ తనే కలుపుకొచ్చి ఇచ్చాడు.

"ఏమ్మా, నా మనసు మార్చడానికొచ్చావా?"

"లేదంకుల్. మీరెందుకు వద్దంటున్నరో తెల్సుకుందామని వచ్చిన. మీరు చెప్పినంత సేపు ఇంటుంట."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. తర్వాత చెప్పాడు. నాలుగేళ్ల కిందట ఆయన భార్య ఇంటి ముందు నందివర్ధనం పూలు కోస్తుంటే, గేటులోంచి దూసుకొచ్చిన బైకు ఆమెను పడగొట్టింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు కానీ మళ్లీ లేవలేదు. పదకొండు నెలలు మంచం మీదే ఉండి కన్నుమూసింది.

"వాడు ఆగలేదమ్మా. వెనక్కి తిరిగి చూశాడు. నేను చూశాను వాడు చూడడం. చూసి కూడా వెళ్లిపోయాడు. ఒక్కసారి ఆగి, అయ్యో అనుంటే, ఈ గేటు గురించి నేను నోరెత్తేవాణ్ణి కాదు."

మాట్లాడుతుండగానే గేటు వైపు నుంచి బైకు చప్పుడు వినబడింది. భానుమూర్తి చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. చప్పుడు వీధి చివరికి పోయేదాకా ఆ పట్టు వదల్లేదు. అఖిల అది చూసి తల దించుకుంది. గంటన్నర కూర్చుంది. పెళ్లినాటి ముచ్చట్ల నుంచి ఆమెకు ఆఖరి రోజుల్లో వచ్చిన పుండ్ల దాకా అన్నీ చెప్పాడు ఆయన. లేస్తుంటే, "ఇవన్నీ మా అమ్మాయి కూడా ఎప్పుడూ అడగలేదమ్మా," అన్నాడు.

ఇంటికి నడుస్తుంటే అఖిలకు తన మీద తనకే గౌరవం పెరిగినట్లనిపించింది. ఇంకో పది ఇళ్లు తిరిగింది. కొందరు మర్యాదగా మాట్లాడారు, కొందరు తలుపు సగమే తీశారు. అన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కాయి.

తర్వాత ఒక మధ్యాహ్నం గేటు దాటి బస్తీలోకి వెళ్లింది. వేపచెట్టు నీడన కూర్చున్న ఆడవాళ్లు ఆమెను చూసి మాట ఆపేశారు. కాలనీ నుంచి వచ్చానని చెబితే ఒక్కొక్కరే లేచి లోపలికి వెళ్లిపోయారు. మిగిలింది అండాలు ఒక్కతే. అరవై దాటిన మనిషి, అప్పుడే పని నుంచి వచ్చి, చెట్టు పక్కనే తన గడపలో అన్నం తింటోంది.

"ఏం రాసుకపోతందుకు ఒచ్చినవ్ బిడ్డా? ఇండ్లు గూలగొడ్తరా?"

"గట్లేం లేదు పెద్దమ్మా. గేటు గురించి మీరేమనుకుంటున్నరో అడుగుదామని."

"మేమేమనుకుంటే ఏముంది?" అని అండాలు ముద్ద మింగింది. అఖిల గడప పక్కన గచ్చు మీద కూర్చుంది. చీర నలుగుతుందని కూడా చూసుకోలేదు. బహుశా అందుకేనేమో, తినడం అయ్యాక అండాలు చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నప్పుడు ఆమెకు ముప్ఫై ఏళ్లు అక్కడే పని. బత్తాయిలు ఏరడం, మామిడికాయలు గడ్డి వేసి డబ్బాల్లో సర్దడం. నడిచి పోయి నడిచి వచ్చేది. మార్కెట్‌ను పట్నం బయటికి, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు తీసుకుపోయాక తెల్లవారకముందే విజయవాడ రోడ్డు మీద బస్సు పట్టుకోవాల్సి వస్తోంది. ఆలస్యమైతే పని ఇంకొకరికి పోతుంది.

"గా గేటు నాకు అర్ధగంట నిద్ర, బిడ్డా. గంతే. మీ కాలనీల నాకేం పని? తల ఒంచుకోని పోత, తల ఒంచుకోని ఒస్త."

అఖిల అడిగింది: "కాలనీ వాళ్లు మిమ్మల్ని దొంగలంటరు గద పెద్దమ్మా. అది ఇన్నప్పుడు మీకేమనిపిస్తది?"

ఇంకెవరైనా అయితే తిట్టేవారు. అండాలు కొంగుతో ముఖం తుడుచుకుని ఆలోచించింది. ఆ ప్రశ్న తననెవరూ ఎప్పుడూ అడగలేదన్నట్టు ఆలోచించింది.

"కోపమొస్తది. గని ఉత్త అబద్ధమని నేనెట్లంట? మా తమ్ముని కొడుకు వంశీ, తల్లి లేని పిలగాడని నేనే సాదిన. ఐదేండ్ల కింద దోస్తులతోని గల్సి మీ కాలనీల కడుతున్న ఇంట్ల నీళ్ల మోటరు ఎత్కపోయిండు. మూడు నెలలు జైల్ల ఉన్నడు. ఒచ్చినంక నా కాళ్లు పట్టుకోని ఏడ్సిండు. గప్పటిసంది మల్ల తప్పు జెయ్యలె. టైల్స్ దుకాణంల బండి నడుపుతుండు. మీ భయం గూడ ఉత్తగ లేదు బిడ్డా. ముసలామెను బండి గుద్దిపోయిన నాడు నేను జూసిన. మాకు గూడ గేట్లకెల్లి బండ్లు పోవుడు నచ్చది. రెండు ఇనుప కడ్డీలు పాతుండ్రి, మనుషులు పోతరు, బండ్లు పోవు. గింత ముచ్చటకు లొల్లి ఎందుకు?"

అఖిల గబగబా రాసుకుంటోంది. ఇంత సులువైన దారిని ఎనిమిది నెలలుగా ఒక్కరూ చెప్పలేదు. సంతోషంతో ఆమె చెయ్యి పేజీ మీద ఆగలేదు.

అండాలు ఆ చేతి వైపే చూసింది. "గదంత రాస్తున్నవా? పిలగాని పేరు రాయకు బిడ్డా. దుకాణపోళ్లకు ఎరికలేదు."

"రాయను పెద్దమ్మా. ఇది నా గుర్తు కోసమే."

అప్పటికే రాసేసింది. ఆ రోజు రాత్రి ఇంటికొచ్చాక 'వంశీ' మీద పెన్నుతో అడ్డంగా ఒక్క గీత గీసింది. గీత కింద పేరు చక్కగా చదవొచ్చు. అంతకంటే ఏం కావాలి, ఈ బుక్ ఎవరు చూస్తారు అనుకుంది. మర్నాడు భానుమూర్తికి కడ్డీల సంగతి చెబితే, బాగుందన్నాడు.

మీటింగుకు రెండు రోజుల ముందు శ్రీనివాస్ అఖిల ఇంటికొచ్చాడు. సోఫాలో ముందుకు వంగి కూర్చుని, ఆమె చెప్పేదంతా వినసాగాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆమె "వాళ్లు గూడ బండ్లు వద్దంటున్నరన్నా" అంటే, "వాళ్లు గూడ వద్దంటున్నరు" అని నెమ్మదిగా తల ఊపాడు. భానుమూర్తి భార్య సంగతి చెబితే కళ్లు చెమ్మగిల్లాయి అతనికి. ట్రైనింగులో ఆవిడ చెప్పిన వినే మనిషి అచ్చం ఇట్లాగే ఉంటాడు.

"గీ నోట్‌బుక్ ఒక్క దినం నాకియ్యి చెల్లె. నేను గూడ అందరి మాట చదువుత. నువ్వింత కష్టపడితే నేను చదవకుంటె ఎట్ల?"

అఖిల ఒక్క క్షణం తటపటాయించింది. ఆ గీత గుర్తొచ్చింది. కానీ తన పనిని ఒక పెద్దమనిషి చదువుతానంటున్నాడు. ఇచ్చింది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. అఖిల చక్కగా తయారై, రెండు పేజీలు రాసుకుని వచ్చింది. కడ్డీలు పాతడం, పొద్దున నాలుగు నుంచి రాత్రి తొమ్మిది దాకా గేటు తెరిచి ఉంచడం. ఇరువైపులా అడిగింది అదేనని చెప్పింది. భానుమూర్తి పేరెత్తకుండా ఆయన బాధ చెప్పింది. అండాలు పేరెత్తకుండా ఆమె నిద్ర సంగతి చెప్పింది. ఎవరో ముక్కు చీదారు కూడా.

అప్పుడు శ్రీనివాస్ లేచాడు. "అఖిల చెల్లె మస్తు కష్టపడ్డది. గామెకు అందరం థ్యాంక్స్ చెప్పాలె. అయితే గామెది మెత్తని మనసు, కొన్ని ముచ్చట్లు మీకు చెప్పలె. నేను చెప్పాలె, ప్రెసిడెంట్‌ను గాబట్టి." ఫోన్ తీశాడు. హాలంతా ఒకేసారి ఫోన్లు టింగుమన్నాయి. నోట్‌బుక్ పేజీ ఫోటో గ్రూపులో పడింది. అఖిల చేతిరాత. 'ఉత్త అబద్ధమని నేనెట్లంట' అన్న వాక్యం కింద ఎర్ర గీత. 'మీ భయం ఉత్తగ లేదు' కింద ఇంకో ఎర్ర గీత. నీళ్ల మోటారు. మూడు నెలల జైలు. అడ్డగీత కింద స్పష్టంగా వంశీ.

"గిది మనం అంటున్నది గాదు. వాళ్ల మనిషి, వాళ్ల ఇంటిదే, సొంత నోటితోని ఒప్పుకున్నది. ఇగ కడ్డీలు ఎందుకు, ముచ్చట్లెందుకు?"

"అన్నా, గా మాట గట్ల గాదు! గామె ముందు వెనక ఏం చెప్పిందో..." అఖిల గొంతు ఎవరికీ వినబడలేదు. హాలు అప్పటికే తుఫానులా లేచింది. గేటు మూసేయాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. నూట తొమ్మిది చేతులు లేచాయి. వాటిలో భానుమూర్తి చెయ్యి కూడా ఉంది.

బయటికి వస్తూ అఖిల ఆయన్ను ఆపింది. "అంకుల్, మీరు కూడానా? కడ్డీలు పెడితే బైకులు రావని మీకు చెప్పిన గద. బాగుందన్నరు కూడా."

ఆయనకు ఇబ్బందిగా ఉన్నట్టుంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగుందన్నానమ్మా. నువ్వు అంత ఓపిగ్గా వింటుంటే కాదనాలనిపించలేదు. నువ్వొచ్చి వెళ్లాక నాకు రెండు రోజులు గుండె తేలికైంది కూడా. కానీ విన్నావు కదా అని నేను మారిపోతానని ఎవరు చెప్పారమ్మా నీకు? నా కడుపుమంట నాకుంటుంది."

తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. అఖిల పక్కకు జరిగి దారిచ్చింది.

మంగళవారం వెల్డింగ్ మనిషి వచ్చి గేటును చట్రానికి అతికించి పోయాడు. కాలనీ పేరు పక్కన 'గేటెడ్ కమ్యూనిటీ' అని కొత్త బోర్డు లేచింది. ప్లాట్లకు రేటు పెరుగుతుందని గ్రూపులో అభినందనలు మొదలయ్యాయి. అదే వారంలో మూడో వీధిలో ఒక స్కూటీ పోయింది. ఎవరో ఫిర్యాదులో ఆ పేజీ ఫోటో జతచేశారు. పోలీసులు కొత్తపేట టైల్స్ దుకాణానికి వచ్చి, గిరాకీల ముందే వంశీని తీసుకుపోయి రెండు రోజులు కూర్చోబెట్టారు. స్కూటీ తీసుకుపోయింది ఓనరు బావమరిదేనని తర్వాత తేలింది. వంశీని వదిలేశారు. దుకాణం వాళ్లు మాత్రం ఇక రావద్దన్నారు.

అఖిల శ్రీనివాస్ ఆఫీసుకు వెళ్లి నిలదీసింది. "నమ్మి ఇచ్చిన గద అన్నా."

శ్రీనివాస్ కోప్పడలేదు. కుర్చీ చూపించాడు. "కూసో చెల్లె. నువ్వు బస్తీల తిరిగినవ్, ముసలాయన దగ్గర కూసున్నవ్, అందర్ని ఇన్నవ్. నేనెందుకు మూసెయ్యాలంటున్ననో ఒక్కనాడన్న అడిగినవా? అడిగితే చెప్తుంటి. గోడవతల స్థలం నేను కొన్న. రేపు అపార్ట్‌మెంట్ లేపుత. గేటుంటే బస్తీ మనుషులు దాని ముంగటికెల్లే తిరుగుతరు, ఫ్లాట్లకు గిరాకి ఉండది. నువ్వడగలె, నేను చెప్పలె."

అబద్ధమాడి ఉంటే తిట్టి రావచ్చు. అతను నిజమే చెప్పాడు. మొదటి రోజు నుంచి అతను తనను మెచ్చుకుంటున్నాడు కాబట్టి, అతన్ని అడగాల్సిన అవసరమే కనిపించలేదు ఆమెకు. నోట్‌బుక్ అడిగి తీసుకుని బయటికి వచ్చింది.

నాలా వెంబడి చుట్టు తిరిగి బస్తీకి వెళ్లింది. దారి బురద, పందులు, వాసన. నలభై నిమిషాలు పట్టింది. అండాలు ఇంటి ముందు వంశీ కూర్చుని ఉన్నాడు. ఆమెను ముందెప్పుడూ చూడకపోయినా, చేతిలోని నోట్‌బుక్ చూసి పోల్చుకున్నాడు.

"నువ్వేనా? మా అత్త గా ముచ్చట సొంత చెల్లెకు గూడ చెప్పలె. నీకెట్ల చెప్పిందో నాకు సమజైతలేదు."

అండాలు లోపల్నుంచి వచ్చింది. అరవలేదు. చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి నీళ్లివ్వడం ఆమె మానలేదు. అఖిల తాగలేక చేతిలోనే పట్టుకుంది.

"పేరు కొట్టేసిన పెద్దమ్మా. మంచిగ కొట్టెయ్యలె. తప్పు నాదే."

"తప్పు నీది గాదు బిడ్డా. అరవై ఏండ్లకు ఒక్క మనిషి అడిగిందని నోరు జారిన. మమ్ముల తిట్టేటోళ్లు శానామంది ఉన్నరు. గాళ్లతోని నాకేం గాలె. నువ్వు ఇన్నవ్ సూడు, గప్పుడయ్యింది నాకు."

అఖిలకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏం చేయాలో తెలియక అలవాటు కొద్దీ అడిగేసింది. "ఇప్పుడు మీకేమనిపిస్తోంది పెద్దమ్మా?"

వంశీ దిగ్గున లేచాడు. అండాలు అతని చెయ్యి పట్టి ఆపింది. "ఇంకేం చెప్పిచ్చుకుంటవ్ బిడ్డా?" అని, అఖిల చేతిలోని చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అఖిల తన నోట్‌బుక్‌లోని ముందు వెనకల మాటలన్నీ గ్రూపులో టైపు చేసి పెట్టింది. ఎక్కువ మంది చదవలేదు. 'అయిపోయిన విషయం మళ్లీ ఎందుకు మేడమ్' అని ఒకరు రాశారు. వంశీకి ఎక్కడైనా పని చూడమని ఉపేందర్‌ను బతిమాలింది. అతను ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు. ఏ కేసులో ఇరుక్కున్నాడని వాళ్లడిగారు, అంతటితో ఆగింది. దసరా నాటికి వంశీ ఎవరితోనో మహారాష్ట్ర వైపు లారీ మీద పోయాడని బస్తీ నుంచి పనికొచ్చే ఆమె ద్వారా తెలిసింది.

చలికాలంలో ఒక రోజు అఖిల తెల్లవారుజామునే ఊరికి బయలుదేరి విజయవాడ రోడ్డు మీద బస్‌స్టాపుకు వచ్చింది. మంచులో శాలువా కప్పుకుని అండాలు నిలబడి ఉంది. మనిషి బాగా తగ్గింది. పాదాలకు నాలా దారి బురద. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. తప్పించుకోవడానికి చోటు లేదు.

"బాగున్నవా పెద్దమ్మా?"

"బాగున్న బిడ్డా."

"వంశీ ఫోన్ జేస్తున్నడా?"

"చేస్తడు."

"మార్కెట్‌కేనా? పని ఎట్లుంది?"

అండాలు నవ్వింది. కొత్తవాళ్లను చూసి నవ్వే మర్యాద నవ్వు. "గిట్లనే," అంది.

బస్సు వచ్చింది. అండాలు కడ్డీ పట్టుకుని ఎక్కి, ఆడవాళ్ల సీట్ల వైపు తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.